షెల్ ఉండేది ఏడో గడిలో

టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్‌ను షెల్ అంటారు. దాన్ని మార్చాలంటే టెర్మినల్ తెరిచి సీహెచ్ఎస్‌హెచ్ (chsh) అని కొట్టి, మైనస్ ఎస్ పక్కన కొత్త షెల్ దారి రాసి, పాస్‌వర్డ్ ఇస్తే పని అయిపోతుంది. తప్పేమీ చూపించదు. వెంటనే పక్కన ఇంకో ట్యాబ్ తెరిస్తే మాత్రం చాలామందికి బ్యాష్ అనే పాత షెల్ ప్రాంప్టే కనిపిస్తుంది. కమాండు పనిచేయలేదేమో అనుకుని మళ్లీ కొడతారు, మళ్లీ అదే. విసుగొచ్చి సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే అప్పుడు కొత్త షెల్ ప్రత్యక్షమవుతుంది. దాంతో షెల్ మారాలంటే రీస్టార్ట్ చేయాలన్న తప్పుడు నమ్మకం ఒకటి స్థిరపడిపోతుంది.

నిజానికి రీస్టార్ట్ అక్కర్లేదు, ఒకసారి లాగౌట్ అయి వస్తే చాలు. ఎందుకు చాలో తెలియాలంటే, ఆ కమాండు ఏం రాసిందో, రాసినదాన్ని ఎవరు ఎప్పుడు చదువుతారో చూడాలి. డిఫాల్ట్ షెల్ అని జనం ఒకే పేరుతో పిలిచే దాని వెనక మూడు నాలుగు వేర్వేరు విషయాలున్నాయి. ఈ కమాండు మార్చేది వాటిలో ఒక్కదాన్నే.

లినక్స్‌లో యూజర్ల వివరాలు /ఈటీసీ కింద పాస్‌వర్డ్ ఫైల్లో ఉంటాయి. పేరుకే పాస్‌వర్డ్ ఫైలు, అసలు పాస్‌వర్డులు అందులోంచి షాడో ఫైల్లోకి వెళ్లిపోయి దశాబ్దాలయింది. అందులో ఒక యూజర్ వరుస ఇలా ఉంటుంది:

రవి:ఎక్స్:1000:1000:రవి:/హోమ్/రవి:/బిన్/బ్యాష్

కోలన్లతో విడదీసిన ఏడు గడులు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట ఒక ఎక్స్, యూజర్ నంబరు, గ్రూపు నంబరు, పూర్తి పేరు, హోమ్ డైరెక్టరీ, చివర ఏడో గడిలో లాగిన్ షెల్. సీహెచ్ఎస్‌హెచ్ మార్చేది ఆ ఏడో గడిని. అంతకు మించి అది ఏమీ చేయదు.

ఆ గడిలో షెల్లే ఉండాలన్న నియమం కూడా లేదు. నడపగలిగే ప్రోగ్రామ్ ఏదైనా చాలు. వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్ లాంటి వాటికోసం సిస్టమ్ పెట్టుకున్న అకౌంట్లకు అక్కడ నోలాగిన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. ఎవరైనా ఆ పేరుతో లాగిన్ కాబోతే ఈ అకౌంట్ అందుబాటులో లేదని ఒక ముక్క చెప్పి పంపించేస్తుంది. డెబియన్ లినక్స్‌లో సింక్ అనే అకౌంట్ ఇంకా తమాషా. దాని ఏడో గడిలో ఉండేది సింక్ కమాండే. మెమరీలో ఉన్న డేటాను డిస్కుకు రాయించడం ఒక్కటే దానికి తెలిసిన పని. ఆ పేరుతో లాగిన్ అయితే రాయించి వెంటనే బయటకు వచ్చేస్తుంది. గడి ఖాళీగా ఉంటే /బిన్/ఎస్‌హెచ్ అనే సిస్టమ్ షెల్ అని అర్థం.

ఈ వెసులుబాటుకు మూలం యూనిక్స్ పుట్టుకలోనే ఉంది. కమాండ్లు చదివి నడిపే భాగాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వేరుచేయాలన్న ఆలోచన, దానికి షెల్ అన్న పేరు 1960ల నడిమిలో మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిలో ఉన్న లూయీ పూజాఁ దగ్గర మొదలయ్యాయి. 1971లో కెన్ థాంప్సన్ రాసిన యూనిక్స్ మొదటి షెల్ కూడా కెర్నల్‌కు బయట నడిచే మామూలు ప్రోగ్రామే. మామూలు ప్రోగ్రామ్ కాబట్టే ఎవరికి వారు తమకు నచ్చినది రాసుకోగలిగారు. బర్క్‌లీలో బిల్ జాయ్ సీ షెల్ రాశారు. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో స్టీఫెన్ బోర్న్ షెల్ బయటకు వచ్చింది. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ 1989లో బ్యాష్ విడుదల చేశారు. మరుసటి ఏడాది ప్రిన్స్‌టన్ విద్యార్థి పాల్ ఫాల్‌స్టాడ్ జెడ్‌షెల్ రాసి, అక్కడి బోధన సహాయకుడి లాగిన్ పేరునే దానికి పెట్టేశారు. ఆ పేరు వినడానికి షెల్ పేరులాగే ఉండటం అందుకు కారణం. 2005లో ఫిష్ వచ్చింది. ఇన్ని షెల్స్ పక్కపక్కనే బతకగలుగుతున్నాయంటే ఆ ఏడో గడి పుణ్యమే.

మరి ఆ గడిని ఎవరైనా ఏదైనా రాసి నింపేయొచ్చా? కుదరదు. పాస్‌వర్డ్ ఫైలును మార్చే హక్కు రూట్ అనే సర్వాధికారాల అకౌంట్‌కు మాత్రమే ఉంది. అందుకే సీహెచ్ఎస్‌హెచ్ రూట్ అధికారంతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌గా ఉంటుంది. సొంత వరుసను మాత్రమే, అదీ అనుమతించిన విలువలతోనే మార్చనిస్తుంది. ఆ అనుమతి జాబితా /ఈటీసీ/షెల్స్ అనే ఫైలు, వరుసకో షెల్ దారి. కొత్త షెల్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్నవాళ్లకు, మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ సాధనంతో తెచ్చుకున్నవాళ్లకు మొదట తగిలే అడ్డు ఇదే. షెల్ చక్కగా నడుస్తుంది, కానీ దాని దారి ఈ జాబితాలో లేదని సీహెచ్ఎస్‌హెచ్ ఒప్పుకోదు. రూట్‌గా ఆ ఫైల్లో ఒక వరుస చేర్చాక ఒప్పుకుంటుంది.

ఈ జాబితా పైకి కనిపించేంత అమాయకమైనది కాదు. డెబియన్, ఉబుంటుల్లో వెళ్లబోయే షెల్‌తో పాటు ఇప్పుడున్న షెల్ కూడా జాబితాలో ఉండాలి. లేకపోతే మార్చుకునే హక్కే ఉండదు. ఇది కావాలని పెట్టిన కట్టుబాటు. ఎవరికైనా పరిమితులున్న షెల్ ఇచ్చి కట్టడి చేస్తే, వాళ్లు ఒక్క కమాండుతో దాన్ని విప్పుకుని పోకూడదు కదా. అయితే అదే కట్టుబాటు అమాయకుల మీదా పనిచేస్తుంది. పరిమిత షెల్స్‌ను జాబితాలో చేర్చవద్దని ఆ కమాండు మాన్యువల్ పేజీ హెచ్చరిస్తుంది. పొరపాటున అందులోకి మారినవాళ్లు తమంతట తాము తిరిగి రాలేరని ఆ పేజీ మాట.

ఇక మొదట చెప్పిన పాత ప్రాంప్టు సంగతి. ఏడో గడిని చదివేవాళ్లు కొద్దిమందే. కన్సోల్ దగ్గర లాగిన్ ప్రోగ్రామ్, రిమోట్‌గా వస్తే ఎస్ఎస్‌హెచ్ సర్వర్, యూజర్ మారేటప్పుడు ఎస్‌యూ, డెస్క్‌టాప్‌లోకి అడుగుపెట్టేటప్పుడు డిస్‌ప్లే మేనేజర్. లాగిన్ సమయంలో గడిని చదివి, అందులోని దారిని షెల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెడతారు. ఆ సెషన్‌లో పుట్టే ప్రతి ప్రోగ్రామ్‌కూ ఆ వేరియబుల్ వారసత్వంగా అందుతుంది. చాలా టెర్మినళ్లు ఏ షెల్ నడపాలో తేల్చుకోవడానికి ముందుగా చూసేది ఆ వేరియబుల్‌నే. పొద్దున లాగిన్ అయినప్పుడు అందులో బ్యాష్ అని ఉంటే, మధ్యాహ్నం గడి మార్చినా సాయంత్రం దాకా తెరిచే ట్యాబులన్నీ బ్యాషే నడుపుతాయి. ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే టీమక్స్ వాడేవాళ్ల పరిస్థితి ఇంకొంచెం మొండిది. దాని సర్వర్ మొదలైనప్పుడు పట్టుకున్న షెల్‌నే వారాల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, లేదా దాని డిఫాల్ట్ షెల్ సెట్టింగు విడిగా మార్చాలి.

ఇప్పుడు ఏ షెల్‌లో ఉన్నామో చూడటానికి ఎకో డాలర్ షెల్ కొట్టే అలవాటు చాలామందిది. అది తప్పు ప్రశ్న. బ్యాష్‌లో కూర్చుని జెడ్‌షెల్ అని పిలిచి అందులోకి వెళ్లాక అడిగినా జవాబు బ్యాష్ అనే వస్తుంది. అది చెప్పేది లాగిన్ షెల్ సంగతి, అదీ లాగిన్ నాటి సంగతి. నడుస్తున్న షెల్ ఏదో తెలియాలంటే పీఎస్ కమాండుతో ఆ ప్రాసెస్‌నే అడగాలి. గడిలో ఇప్పుడేం రాసి ఉందో కావాలంటే గెట్‌ఎంట్ పాస్‌వర్డ్ (getent passwd) అని పక్కన యూజర్ పేరు ఇస్తే వరుస మొత్తం వస్తుంది. మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులు రావచ్చు, మూడూ నిజమే అవుతాయి. ఈ విషయంలో వచ్చే తికమకలో సగం ఇక్కడే పుడుతుంది.

గడి మార్చినా అస్సలు చెదరనిది ఒకటుంది, /బిన్/ఎస్‌హెచ్. స్క్రిప్టు మొదటి వరుసలో ఫలానా షెల్‌తో నడపమని రాసి ఉంటే దాన్ని నడిపేది ఆ షెల్లే, యూజర్ లాగిన్ షెల్ ఏదైనా సరే. సీ ప్రోగ్రాముల్లోని సిస్టమ్ అనే ఫంక్షన్ /బిన్/ఎస్‌హెచ్‌నే పిలుస్తుంది. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్ కూడా, దాని సెట్టింగుల ఫైలు క్రాన్‌ట్యాబ్‌లో వేరే చెప్పకపోతే, అదే వాడుతుంది. ప్రోగ్రాములను బిల్డ్ చేసే గ్నూ మేక్ అయితే ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న షెల్ వేరియబుల్‌ను కావాలనే పట్టించుకోదు. మనిషి అభిరుచిని బట్టి మేక్‌ఫైల్ అర్థం మారిపోతే కొంప మునుగుతుందని దాని లెక్క. ఫిష్‌కు మారితే సిస్టమ్‌లోని స్క్రిప్టులన్నీ ఆగిపోతాయన్న భయం అందుకే ఉత్తది.

అసలు డిఫాల్ట్ మార్పు అంటే /బిన్/ఎస్‌హెచ్‌ను మార్చడం. అది యూజర్ పని కాదు, డిస్ట్రిబ్యూషన్ పని. 2006లో ఉబుంటు 6.10తో ఆ పని చేసింది. అప్పటిదాకా బ్యాష్‌కు దారితీసిన ఎస్‌హెచ్‌ను డ్యాష్ అనే షెల్ వైపు మళ్లించింది. డ్యాష్ చిన్నది, వేగంగా మొదలవుతుంది. బూట్ సమయంలో వందల చిన్న స్క్రిప్టులు నడిచే రోజులవి, ప్రతి పిలుపులో మిగిలే కొద్దిపాటి సమయమూ కలిసొచ్చేది. దాంతో పాటు గొడవా వచ్చింది. మొదటి వరుసలో ఎస్‌హెచ్ అని రాసి, లోపల మాత్రం బ్యాష్‌లో ఉండి డ్యాష్‌లో లేని జంట చదరపు బ్రాకెట్లు, అర్రేలు వాడుకున్న స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా అడ్డం తిరిగాయి. తప్పు డ్యాష్‌ది కాదు, ఒక పేరు రాసి ఇంకో భాష మాట్లాడినవాళ్లది. అయినా తిట్లు పడ్డది డ్యాష్‌కే. 2014 సెప్టెంబరులో బ్యాష్‌లో షెల్‌షాక్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఈ మార్పు ఇంకో రకంగా అక్కరకు వచ్చింది. ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అయిన సిస్టముల్లో దాడికి దొరికే దారులు కొన్ని ముందే మూసుకుపోయి ఉన్నాయి.

స్క్రిప్టులు చెడకపోతే మరి చెడేవేమిటి? చేతివేళ్ల అలవాట్లు, సెట్టింగుల ఫైళ్లు. బ్యాష్ నుంచి జెడ్‌షెల్‌కు వచ్చినవాళ్లు మొదటి వారంలో తప్పక చూసేది, సరిపోయేవి ఏవీ దొరకలేదు అనే ఎర్రర్. ప్రశ్నార్థకం ఉన్న వెబ్ చిరునామాను కోట్స్ లేకుండా, వెబ్ నుంచి డేటా తెచ్చే కర్ల్ కమాండుకు ఇస్తే చాలు, వచ్చేస్తుంది. ప్రశ్నార్థకం షెల్‌కు వైల్డ్‌కార్డు. ఆ నమూనాకు సరిపోయే ఫైలు లేకపోతే బ్యాష్ పోనీలే అని ఉన్నదున్నట్టు కమాండుకు అందిస్తుంది. జెడ్‌షెల్ అక్కడే ఆపేస్తుంది, కర్ల్ మొదలే కాదు. పైథాన్ ప్యాకేజీ పేరు పక్కన చదరపు బ్రాకెట్లు పెట్టి పిప్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే ఎదురయ్యేదీ ఇదే. రెండింటికీ మందు ఒకటే, కోట్స్.

ఇంకో తేడా ఇంత తొందరగా బయటపడదు. ఒక వేరియబుల్‌లో రెండు ఫైళ్ల పేర్లు మధ్యలో ఖాళీ వదిలి పెట్టి, కోట్స్ లేకుండా, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండుకు ఇచ్చి చూడండి. బ్యాష్ ఆ ఖాళీ దగ్గర ముక్కలు చేసి రెండు ఫైళ్లనూ చూపిస్తుంది. జెడ్‌షెల్ ముక్కలు చేయదు, మధ్యలో ఖాళీ ఉన్న ఒకే పొడవాటి పేరు కోసం వెతికి లేదంటుంది. ఇందులో న్యాయం జెడ్‌షెల్ వైపే ఉంది. ఖాళీ ఉన్న ఫైలు పేర్ల వల్ల బ్యాష్‌లో జరిగిన నష్టాలు అన్నీ ఇన్నీ కావు. కానీ బ్యాష్ ప్రవర్తనను నమ్ముకుని ఏళ్ల తరబడి పోగేసుకున్న చిన్న ఫంక్షన్లకు న్యాయం అన్యాయం తెలియదు. అర్రే లెక్క కూడా బ్యాష్‌లో సున్నా నుంచి, జెడ్‌షెల్‌లో 1 నుంచి మొదలవుతుంది. ఫిష్‌తో ఈ తిప్పలు వేరు. అది బోర్న్ కుటుంబపు వ్యాకరణమే వద్దనుకున్న షెల్. పాత సెట్టింగుల ఫైలును తెచ్చి అతికించడం కుదరదు, కొత్తగా రాసుకోవాల్సిందే. చిత్రంగా అదే మేలు. దాదాపు ఒకేలా ఉన్నవాటి మధ్య తడబడేంతగా పూర్తిగా వేరైనవాటి మధ్య తడబడం.

ఎస్ఎస్‌హెచ్ దగ్గర ఒక సూక్ష్మం ఉంది. రిమోట్ మిషన్‌లో ఒక్క కమాండు నడిపించి వచ్చేయమన్నా, ఆ కమాండును అక్కడి సర్వర్ యూజర్ లాగిన్ షెల్‌కే అప్పగిస్తుంది. బ్యాష్ అయితే తనను ఎస్ఎస్‌హెచ్ పిలిచిందని పసిగట్టి బ్యాష్‌ఆర్‌సీ అనే తన సెట్టింగుల ఫైలు చదువుతుంది. జెడ్‌షెల్ ఆ సందర్భంలో జెడ్‌షెల్‌ఆర్‌సీని ముట్టుకోదు, జెడ్‌షెల్ఎన్వ్ ఒక్కటే చదువుతుంది. దాంతో కమాండ్లను ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే పాత్ సెట్టింగు దొరక్క, నిన్నటిదాకా నడిచిన డిప్లాయ్ కమాండు ఇవాళ కమాండ్ నాట్ ఫౌండ్ అంటుంది. మనిషి లాగిన్ అయి చేతితో కొడితే మాత్రం చక్కగా నడుస్తుంది. గంటలు తినేసే రకం సమస్య ఇది.

మ్యాక్ కథ చూస్తే డిఫాల్ట్ అన్న మాటకు ఇంకో అర్థం తెలుస్తుంది. మొదట్లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ టీసీ షెల్‌తో వచ్చింది, 2003లో 10.3తో బ్యాష్‌కు మారింది. 2007లో గ్నూ లైసెన్సు మూడో వెర్షన్ వచ్చాక బ్యాష్ కొత్త విడుదలలన్నీ దాని కిందకు వెళ్లాయి. ఆపిల్ ఆ గీత దాటలేదు. అసోసియేటివ్ అర్రేలతో బ్యాష్ 4.0 2009లో వచ్చినా, మ్యాక్‌లో 2006 నాటి 3.2 దగ్గరే బండి ఆగిపోయింది. చివరికి 2019లో కాటలినాతో జెడ్‌షెల్‌ను డిఫాల్ట్ చేశారు. అయితే అది కొత్తగా సృష్టించే అకౌంట్లకే. పాత అకౌంట్లలో బ్యాష్ అలాగే ఉంది, తెరిచిన ప్రతిసారీ జెడ్‌షెల్‌కు మారమని మూడు వరుసల సందేశం మాత్రం చూపిస్తుంది. ఎవరి గడి వారిదే కాబట్టి, ఎంత పెద్ద కంపెనీ డిఫాల్ట్ మార్చినా అది ముందుముందు రాసే వరుసలకే వర్తిస్తుంది. అన్నట్టు, మ్యాక్‌లో ఆ వరుసలు పాస్‌వర్డ్ ఫైల్లో ఉండవు, డైరెక్టరీ సర్వీసులో ఉంటాయి. పెద్ద సంస్థల్లో ఎల్‌డ్యాప్ అనే ఉమ్మడి డైరెక్టరీతో లాగిన్ అయ్యేవాళ్లదీ ఇలాంటి స్థితే. వాళ్ల వరుస ఆ మిషన్‌లోనే ఉండదు కాబట్టి సీహెచ్ఎస్‌హెచ్ అలాంటి యూజరే లేడంటుంది.

ఈ మొత్తంలో నిజంగా భయపడాల్సింది ఒక్కటే, ఏడో గడిలో ఉన్న దారిలో షెల్ లేకపోవడం. పేరు తప్పు పడ్డా, అవసరం లేదనుకుని ఆ ప్యాకేజీని తీసేసినా ఇదే గతి. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లాగిన్‌కు ముందే ఆ ఫైలు ఉందో లేదో చూస్తుంది. లేకపోతే పాస్‌వర్డ్ సరైనదే అయినా పర్మిషన్ డినైడ్ అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. అవతలి మనిషి పాస్‌వర్డే మర్చిపోయాననుకుంటాడు. షెల్ లేదు కాబట్టి అనుమతించలేదన్న అసలు కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది, ఆ లాగ్ చదవాలంటే లాగిన్ కావాలి. ఇంకో సెషన్ తెరిచి ఉన్నా గట్టెక్కామని చెప్పలేం. డెబియన్‌లో ప్యాకేజీ తీసేసినప్పుడు ఆ షెల్ పేరు /ఈటీసీ/షెల్స్ నుంచి కూడా పోతుంది, ఇప్పటి షెల్ జాబితాలో లేనివాళ్లకు సీహెచ్ఎస్‌హెచ్ పనిచేయదని పైన చూశాం. రూట్ అధికారం ఉన్నవాళ్లెవరో యూజర్‌మాడ్ కమాండుతో గడిని సరిచేయాలి.

ఆ రూట్ షెల్లే తప్పుగా ఉంటే? రూట్ గడిని ముట్టుకోవద్దని పాతకాపులు నెత్తీనోరూ కొట్టుకునేది ఇందుకే. యూనిక్స్ కుటుంబానికే చెందిన ఫ్రీబీఎస్‌డీలో విడిగా తెచ్చుకున్న షెల్స్ /యూఎస్ఆర్/లోకల్ కింద చేరతాయి. డిస్కు పాడై సింగిల్ యూజర్ మోడ్‌లో లేచినప్పుడు ఆ విభాగం మౌంట్ అయి ఉండకపోవచ్చు, సరిగ్గా రూట్ అవసరమైన వేళ రూట్ షెల్ ఉండదు. నచ్చిన షెల్‌తో రూట్ పని చేయాలనుకునేవాళ్ల కోసం అక్కడ రూట్‌ను తిరగేసి టూర్ అనే ఇంకో అకౌంట్ పెట్టారు. దాని యూజర్ నంబరు కూడా సున్నానే, అంటే అధికారంలో రూట్‌తో సమానం. పూర్తి పేరు గడిలో బ్యాష్ పేరు మీద చమత్కారంగా బోర్న్ అగెయిన్ సూపర్‌యూజర్ అని ఉంటుంది. ప్రయోగాలన్నీ టూర్ మీద చేసుకోండి, రూట్‌ను వదిలేయండి అని దాని భావం.

గడిని ముట్టుకోకుండానే కొత్త షెల్‌లో బతికే దారులూ ఉన్నాయి. టెర్మినల్ ప్రోగ్రామ్ సెట్టింగుల్లో ఏ కమాండు నడపాలో రాసుకునే చోటు ఉంటుంది. అక్కడ ఫిష్ అని రాస్తే తెరిచే ప్రతి కిటికీలో ఫిష్ వస్తుంది, లాగిన్ షెల్ మాత్రం బ్యాష్‌గానే ఉంటుంది. కూర్చుని పని చేసుకునే సొంత మిషన్‌కు ఇంతకంటే అక్కర్లేదు. సర్వర్లలో అయితే బ్యాష్‌ఆర్‌సీ చివర ఎగ్జెక్ అని రాసి పక్కన కొత్త షెల్ పేరు పెట్టుకోవచ్చు. అప్పుడు బ్యాష్ తన స్థానాన్ని దానికి ఇచ్చేసి తప్పుకుంటుంది. ఆ వరుస మనిషి ఎదురుగా ఉన్న సెషన్లలోనే నడిచేలా ముందు ఒక షరతు తప్పనిసరి. లేకపోతే ఎస్‌సీపీతో ఫైలు పంపినప్పుడు కూడా బ్యాష్ తప్పుకుని, ఫైలు కాపీ మధ్యలో పోతుంది. షరతు పెట్టాక ఈ పద్ధతిలో ఒక మంచి గుణం కనిపిస్తుంది. రేపు ఆ షెల్ మిషన్‌లో లేకుండా పోయినా, మనిషి ఎదురుగా ఉన్న సెషన్‌లో ఎగ్జెక్ విఫలమైతే బ్యాష్ మూసుకుపోదు. ఒక ఎర్రర్ వరుస చూపించి తన పాత ప్రాంప్టు ఇస్తుంది.